వెడల్పు చక్రాలు వేశాక బండి ఎందుకు మాట వినదు?

ప్రశ్న: నాది 2014 టొయోటా జీటీ86. కంపెనీ రిమ్ములు తీసేసి నాలుగు వైపులా 17x9 (అంగుళాల్లో వ్యాసం, వెడల్పు), ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీత నుంచి బండికి బిగించే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరమో చెప్పే అంకె) +42 రిమ్ములు, 245/40 ఆర్17 (245 మిల్లీమీటర్ల వెడల్పు) టైర్లు వేయించాను. అలైన్‌మెంట్ రిపోర్టు అంతా పచ్చగానే వచ్చింది. అయినా మోటార్‌వే మీద లారీల గాడుల్లోకి స్టీరింగ్ లాక్కుపోతోంది. మలుపుల్లో ముక్కు బయటికి జారుతోంది. ముందు టైర్ల బయటి అంచు అరిగిపోతోంది. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) సర్దే బోల్టులు వేయిస్తే చాలా? – ఒక పాఠకుడు, రెడింగ్, ఇంగ్లండ్

జవాబు: బోల్టులు వేయించండి. అయితే దానికి ముందు లోపల చోటుందో లేదో చూడాలి. మీ పాత రిమ్ము 17x7, ఆఫ్‌సెట్ +48. దాంతో పోలిస్తే ఇప్పుడు రిమ్ము బయటి అంచు ఫెండర్ వైపు 31 మిల్లీమీటర్లు, లోపలి అంచు స్ట్రట్ (చక్రం లోపలి పక్క నిలువుగా ఉండే స్ప్రింగు, షాకబ్జార్బరు జత) వైపు 19 మిల్లీమీటర్లు జరిగింది. క్యాంబర్ బోల్టు నకిల్ (చక్రాన్ని మోసే ముక్క) పైభాగాన్ని స్ట్రట్ వైపు వంచుతుంది కాబట్టి, ఉన్న కాస్త సందులోంచి ఇంకొన్ని మిల్లీమీటర్లు పోతాయి. స్ట్రట్ పైన బిగించే క్యాంబర్ ప్లేటుతో ఈ బాధ లేదు. చక్రంతో పాటు స్ట్రట్ కూడా వాలుతుంది, రెండింటి మధ్య దూరం అలాగే ఉంటుంది.

సందు కొలవడానికి తేలిక దారి ఒకటుంది. పిల్లలు ఆడుకునే రంగు మట్టి ఉండని స్ట్రట్‌కి, టైరు లోపలి పక్కకి ఎదురుగా అతికించి, బోల్టు సర్ది, బండిని దించి నాలుగు గట్టి మలుపులు తిప్పి రండి. మట్టి నొక్కుకుపోయి 5 మిల్లీమీటర్ల కంటే పలచబడితే ఆ సెట్టింగు వద్దు. టైరు లోపలి గోడ మీద సన్నటి మెరుపు గీత కనిపిస్తే అప్పటికే తగులుతోందని అర్థం. దాన్ని వదిలేస్తే టైరు గోడ కోసుకుపోతుంది.

ఇక పచ్చటి రిపోర్టు సంగతి. పచ్చ అంటే కంపెనీ హద్దుల్లో ఉందని మాత్రమే. ఆ హద్దులు 215 టైరుకి పెట్టినవి. ఈ బండికి కంపెనీ పెట్టిన ముందు చక్రాల క్యాంబర్ దాదాపు సున్నా. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటి టైరు తన బయటి అంచు మీద నిలబడుతుంది. టైరు ఎంత వెడల్పైతే అంత చదునుగా ఆనాలి. ఆనకపోతే మీరు డబ్బు పెట్టి కొన్న వెడల్పులో సగం గాలిలోనే ఉంటుంది. మీ అరుగుదలకీ ముక్కు జారడానికీ ముఖ్య కారణం ఇదే.

రోడ్డు మీద తిరిగే బండికి ముందు చక్రాల క్యాంబర్ మైనస్ 1.5 నుంచి మైనస్ 2 డిగ్రీల మధ్య పెట్టించండి (మైనస్ అంటే చక్రం పైభాగం లోపలికి వాలడం). ఎడమ కుడి తేడా పావు డిగ్రీ దాటకూడదు. ముందు టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం; లోపలికైతే టో-ఇన్, బయటికైతే టో-అవుట్) సున్నా. వెనక మొత్తం టో-ఇన్ 0.1 నుంచి 0.2 డిగ్రీలు. వెనక టో-అవుట్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, తడి రోడ్డు మీద తోక తిప్పేస్తుంది. షాపువాళ్లు మిల్లీమీటర్లలో చెబితే, 17 అంగుళాల రిమ్ము దగ్గర 0.1 డిగ్రీ అంటే సుమారు 0.75 మిల్లీమీటర్.

పని వరస తప్పితే డబ్బు దండగ. మొదట నాలుగు టైర్లలో గాలి సమానం చేసి, మీ బరువుకి సరిపడా మూటలు డ్రైవరు సీట్లో పెట్టించండి. తర్వాత వెనక టో. వెనక చక్రాలు చూసే దిక్కు పక్కకి ఉంటే ముందు ఎంత సర్దినా స్టీరింగ్ వంకరగానే ఉంటుంది. ఆ తర్వాత ముందు క్యాంబర్, అన్నిటికంటే చివర ముందు టో. క్యాంబర్ కదిపితే టో కదులుతుంది కాబట్టి టోని మొదట చేస్తే మళ్లీ చేయాల్సిందే. పని అయ్యాక స్టీరింగ్ సెన్సారుకి జీరో పాయింట్ క్యాలిబ్రేషన్ (స్టీరింగ్ తిన్నగా ఉండే స్థానాన్ని దానికి నేర్పడం) అడిగి చేయించుకోండి. చక్రాల నట్లు 120 న్యూటన్ మీటర్లకి బిగించి, 80–100 కిలోమీటర్లు నడిచాక మరోసారి చూడండి.

గాడుల్లోకి లాగడం ఇంతటితో తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. వెడల్పు టైరు గాడి అంచుని ముందే పట్టుకుంటుంది. పైగా ఆఫ్‌సెట్ 6 మిల్లీమీటర్లు తగ్గింది కదా, రోడ్డు తోసే ప్రతి తోపూ స్టీరింగ్‌కి ఇంకాస్త గట్టిగా తెలుస్తుంది. ముక్కు ఇంకా జారుతుంటే ముందు జతకి గానీ వెనక జతకి గానీ, ఏదో ఒకదానికే, 2 పీఎస్ఐ చొప్పున గాలి మార్చి చూడండి. యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగకుండా పట్టే కడ్డీ) మార్చడం ఆఖరి మాట. రిమ్ములు మార్చిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పారా? చెప్పకపోతే ఇవాళే చెప్పండి.

ప్రశ్న: నా మజ్దా ఎంఎక్స్-5 కి నాలుగు వైపులా 205 టైర్లే. వెనక మాత్రం 225 వేస్తే పట్టు పెరగదా? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: వెనక పెరుగుతుంది, కానీ ముందు పెరగదు. అప్పుడు మలుపులో మొదట పట్టు కోల్పోయేది ముక్కు. ఈ బండి అందమంతా ముందూ వెనకా సమతూకంలోనే ఉంది, దాన్ని చేజేతులా పోగొట్టుకోకండి. వెనక వెడల్పు అవసరమైన బండ్లు వేరే ఉన్నాయి. టొయోటా రెండో తరం ఎంఆర్2 లో ఇంజిన్ డ్రైవరు వెనకే. మొదట ముందు 195, వెనక 205 ఇచ్చారు. తోక ఉన్నట్టుండి తిరుగుతోందని పేరు పడ్డాక 15 అంగుళాల చక్రాలతో వెనక 225 చేశారు, ముందు 195 అలాగే ఉంచారు. మీకు మార్చాలనే ఉంటే నాలుగూ కలిపి మార్చండి, చుట్టుకొలత ముందూ వెనకా ఒకటే ఉండాలి. లేకపోతే ఏబీఎస్ లెక్క తప్పుతుంది.

ప్రశ్న: ఫోర్డ్ మస్టాంగ్‌కి వెడల్పు రిమ్ములు వేశాక ఓఆర్‌ఆర్ మీద 90 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వణుకు అలైన్‌మెంట్ రోగం కాదు. రిమ్ము మధ్య రంధ్రం కొలవండి. మీ హబ్బు (రిమ్ము రంధ్రంలో కూర్చునే మధ్య భాగం) 70.5 మిల్లీమీటర్లు, బయట కొనే రిమ్ములు చాలావరకు 73.1. మధ్య సందుకి సెంటరింగ్ రింగు లేకపోతే చక్రం నట్ల మీదే నిలబడుతుంది, కాస్త పక్కకి కూర్చున్నా చాలు, వణుకు మొదలవుతుంది. రింగులు వేయించి, బండిని జాకీ మీదే ఉంచి నట్లని నక్షత్రం వరసలో చేత్తో బిగించి, కిందికి దించాక 204 న్యూటన్ మీటర్లకి తెమ్మనండి. అయినా పోకపోతే రిమ్ముని బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పి అంచు ఊగుతోందేమో కళ్లారా చూడండి. ఒక్క గుంత చాలు, రిమ్ము వంగడానికి.