క్లాసులో కళ్లు తిరిగాయంటే...

ప్రశ్న: ఫిజియోథెరపీ చివరి ఏడాది చదువుతున్నాను. బీడీలు చుట్టే ఆడవాళ్లకు గంటసేపు శ్వాస, మెడ వ్యాయామాలు నేర్పాను. ఇద్దరికి కళ్లు తిరిగాయి, మిగతావాళ్లు బాగుందన్నారు. క్లాసు ఎలా జరిగిందని రాసుకోవాలి?
– ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: 'గట్టిగా పీల్చండి' అని ఉంటారు. వేగంగా, లోతుగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడు రక్తనాళాలు కుంచించుకుంటాయి. తల తిరిగేది అందుకే. వేళ్లు తిమ్మిరెక్కేదీ కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వల్లే. ఈసారి అందర్నీ కూర్చోబెట్టి, ముక్కుతోనే 4 లెక్కపెట్టేలోగా మెల్లగా పీల్చి, 6 లెక్కపెడుతూ వదలమనండి. అయిదుసార్లు చాలు, తర్వాత మామూలు ఊపిరి. కళ్లు మూసుకోమని బలవంతపెట్టొద్దు. తినకుండా వచ్చారా, బీపీ, షుగరు మందులు వాడుతున్నారా అని మొదలుపెట్టే ముందే అడగాలి.

'బాగుంది' అన్నమాట మర్యాదకే, లెక్కలోకి రాదు. 'ఇంటికాడ ఎట్ల చేస్తవో చూపించక్కా' అనండి. పదిమందిలో ఆరుగురు తప్పు చేస్తే లోపం మీరు చెప్పిన తీరులోనే ఉంది. గంటలో ఎనిమిది వ్యాయామాలు ఎవరికీ గుర్తుండవు, రెండు చాలు. ఒళ్లో చాట పెట్టుకుని తల వంచే వాళ్లకు గడ్డాన్ని తిన్నగా వెనక్కి జరిపి 5 సెకన్లు ఆపడం, పదిసార్లు, ముందు అది నేర్పండి.

ఆ రాత్రే అరపేజీ రాయండి: అనుకున్నది, జరిగింది, వచ్చేసారి మార్చే ఒక్క విషయం. కళ్లు తిరిగిన సంగతి మీ పర్యవేక్షకులకు అదేరోజు చెప్పాలి. చేతి తిమ్మిరి తగ్గనివాళ్లను డాక్టరు దగ్గరికి పంపండి.