మెడికల్ కోడింగ్‌కి కంప్యూటర్ కన్నా బైపీసీ ముఖ్యం

ప్రశ్న: మేడమ్, ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పాసయ్యాను. నీట్‌లో ర్యాంకు రాలేదు, లాంగ్‌టర్మ్‌కి పంపే స్తోమత ఇంట్లో లేదు. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి కాబట్టి నర్సింగ్ వద్దనుకున్నా, కానీ ఆసుపత్రి వాతావరణం ఇష్టం. అమీర్‌పేటలో మూడు నెలల్లో మెడికల్ కోడింగ్ నేర్పిస్తాం, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. మా బాబాయేమో ప్రోగ్రామింగ్ రానిదానివి కోడింగ్ ఎలా చేస్తావు, బీసీఏలో చేరు అంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, మహబూబాబాద్ జిల్లా

జవాబు: ముందు మీ బాబాయ్ టెన్షన్ తీర్చేద్దాం. మెడికల్ కోడింగ్‌లో ప్రోగ్రాము రాసే పనే లేదమ్మా. అమెరికాలో డాక్టరు రాసిన రిపోర్టు చదివి, అందులోని జబ్బుకి, చేసిన చికిత్సకి సరైన కోడ్ వేయడమే పని. షుగరుంది, వేరే కాంప్లికేషన్లేవీ లేవంటే ఈ11.9. జబ్బుల కోడ్‌లను ఐసీడీ-10 అంటారు (అమెరికాలో 2015 అక్టోబర్ 1 నుంచి ఇదే), చికిత్సలకు అయిదంకెల సీపీటీ కోడ్‌లు. ఇవి సరిగ్గా పడితేనే అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇస్తుంది. కుక్క కరిస్తే ఒక కోడు, బాతు ఢీకొంటే ఇంకో కోడు, జోక్ కాదు, నిజంగానే ఉంది! అంటే ఇక్కడ నీకు అక్కరకొచ్చేది నువ్వు చదివిన జువాలజీయే.

ఇక ఆ గ్యారంటీ సంగతి. కంపెనీలు చాలావరకు లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ లాంటి డిగ్రీ ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. నీ దగ్గర ఉన్నది ఇంటర్, మూడు నెలల కోర్సు చేసినా అది ఇంటరే. ఒకప్పుడు నేనూ ఒకచోట గ్యారంటీ నమ్మి ఫీజు కట్టాను, చివరికి వాళ్లు చేసిందల్లా ఇంటర్వ్యూ జరిగే అడ్రసు మెసేజ్ పెట్టడం, ఆ అడ్రసుకి వెళ్తే అక్కడ నాలాంటి వాళ్లు రెండొందల మంది లైన్లో ఉన్నారు.

కాబట్టి ముందు డిగ్రీ. దోస్త్‌లో (తెలంగాణలో డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ పద్ధతి) వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు జువాలజీ, కెమిస్ట్రీలతో పాటు కంప్యూటర్ అప్లికేషన్స్ కలిసిన బీఎస్సీ కాంబినేషన్లు కూడా చూడు. బాబాయ్ మాటా నెగ్గుతుంది, నీ బైపీసీ కూడా వృథా పోదు. ఫైనలియర్‌లో సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) పరీక్షకి చదువుకో. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. కోడ్ పుస్తకాలు పక్కన పెట్టుకుని రాయొచ్చు గానీ, ఏ పేజీలో ఏముందో తెలియనివాళ్లకి ఆ 4 గంటలు చాలవు. అనుభవం లేకుండా పాసైతే సర్టిఫికెట్ మీద సీపీసీ పక్కన 'ఏ' అని ఉంటుంది, అప్రెంటిస్ అని అర్థం, రెండేళ్లు పనిచేశాక తీసేయించుకోవచ్చు.

ఇంకో మాట, ఇంటర్వ్యూలో "ఏఆర్ కాలింగ్‌కి వస్తావా" అని అడిగితే వెంటనే సరే అనకు. అది అమెరికా ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి బిల్లు ఎందుకు ఆగిందో అడిగే ఉద్యోగం, వాళ్ల పగలు మనకు రాత్రి కాబట్టి నైట్ షిఫ్టే. కోడర్లకి ఎక్కువగా పగటి డ్యూటీ ఉంటుంది.

నీకు ఆసుపత్రి వాతావరణమే కావాలంటే మన ఊళ్లలోనే బిల్లింగ్, మెడికల్ రికార్డ్స్, ఇన్సూరెన్స్ డెస్క్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ మొదలైన 2007 నుంచి ఆ పథకం ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంది. మొదట్లో జీతం తక్కువే. పైగా డిశ్చార్జ్ లేటైందని పేషెంటు తరఫువాళ్లు అరిచేది ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఉన్నవాళ్ల మీదే. రక్తం మాత్రం కనబడదు.

ప్రశ్న: నేను సీఎస్ఈ థర్డ్ ఇయర్. హెల్త్‌కేర్ ఐటీలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి?
- ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: నువ్వు ప్రోగ్రామింగ్ వైపే ఉండు బాబూ. 2021 సెప్టెంబర్‌లో దేశమంతటికీ మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద మనిషికో 14 అంకెల ఆభా నంబరు (ఆరోగ్య ఖాతా నంబరు) ఇస్తున్నారు. ఒక ఆసుపత్రి రికార్డు ఇంకో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవడానికి ఫైర్ (FHIR) అనే ప్రమాణం వాడుతున్నారు. అది నేర్చుకో, టెస్టింగ్‌కి శాండ్‌బాక్స్ (అసలు వ్యవస్థని ముట్టుకోకుండా ప్రయత్నించి చూసుకునే చోటు) కూడా ఉంది. ఓపీలో టోకెన్ తీసుకుని ఒక పూట కూర్చుని, రిసెప్షన్ అమ్మాయి ఒక్క పేషెంటు వివరాలు ఎక్కించడానికి ఎన్నిసార్లు క్లిక్ చేస్తుందో కూడా లెక్కపెట్టు.