ముందు చెరువు హద్దులు తేల్చుకో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వార్డు మెంబరువి అయ్యావో లేదో, ఊరంతా లేఅవుట్లు అయిపోతోంది, ఎలా ఆపాలని అడిగావు. ఆపలేవమ్మా. పక్కనే భోగాపురంలో విమానాశ్రయం పెట్టుకుని, జీడితోట అమ్మొద్దంటే ఎవరు వింటారు? కూతురి పెళ్లికో, కొడుకు చదువుకో అమ్ముకునేవాడితో తగవు పడితే రేపు నీ మాట వినేవాడు మిగలడు. అమ్మే హక్కు ఎవరికీ లేని నేల ఒకటుంది కదా: చెరువు, గెడ్డ (వాగు), బళ్ల బాట, శ్మశానం, పశువుల మేత పోరంబోకు. నీ పట్టుదలంతా దాని మీద పెట్టు.

ముందు తహసీల్దారు ఆఫీసులో గ్రామ పటం, ఆ నేలల సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకళ్లు తీసుకో. రేపు రా, ఎల్లుండి రా అంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పడెయ్. మండలంలో అయిదు రూపాయల ఫీజు, పంచాయతీలో అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. రీసర్వేలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చి ఉంటే మరీ జాగ్రత్త. చెరువు విస్తీర్ణం పాత రికార్డులో ఎంతుందో, కొత్తదాంట్లో ఎంతుందో పక్కపక్కన పెట్టి చూడు. పది సెంట్లు తగ్గినా ఇప్పుడే అర్జీ పెట్టాలి. మేడలు లేచాక సర్వేయరు అటు తొంగి చూడడు. సర్వే శాఖలో ఉద్యోగం చేసి దిగినవాణ్ణి, నా మాట నమ్ము.

అసలు ప్రమాదం నీటి దారికి. చెరువుని ఎవడూ ఒక్క రోజులో పూడ్చడు. పైన పొలంలో గ్రావెల్ తోలి మూడడుగులు ఎత్తు చేస్తాడు, చిన్న గెడ్డలో రెండు తూములు వేసి రోడ్డు పోస్తాడు. వేసవిలో చూస్తే ముచ్చటగానే ఉంటుంది. అక్టోబరులో వాయుగుండం పడితే పై వాన చెరువుకి రాదు, కింద వరి మాత్రం మునుగుతుంది. అందుకే వానాకాలంలో ఒకసారి రైతుల్ని వెంటబెట్టుకుని గెడ్డ పొడుగునా నడువు. నీళ్లు పారుతుండగా ఫోటోలు తియ్. ఎండిన గెడ్డని చూపించి ఇక్కడేం లేదని వాదించేవాళ్లకి అదే జవాబు.

లేఅవుట్ ప్లాన్ పంచాయతీకి వచ్చినప్పుడు అందరి కోసం వదలాల్సిన 10 శాతం ఖాళీ స్థలం ఎక్కడ చూపించారో చూడు. ఎందుకూ పనికిరాని మూల ముక్కో, గొయ్యో అంటగడతారు. చెరువు గట్టుని ఆనుకుని ఇమ్మని అడుగు. పంచాయతీ పేర రిజిస్టరైన కాగితం చూసి, కంచె వేయించి బోర్డు పెట్టించు. లేకపోతే నాలుగేళ్లకి అదీ ప్లాట్లయిపోతుంది.

గ్రామసభలో కేకలు వేయడం కాదు, సర్వే నంబర్లతో సహా తీర్మానం పుస్తకంలో ఎక్కించు. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. అర్జీలో ఆ మాట రాయి. 2010లో శ్రీకాకుళం జిల్లా సోంపేట జనం థర్మల్ ప్లాంటు వద్దని, తమ బీల నేల కోసం రోడ్డెక్కడం, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోవడం అందరికీ గుర్తే. అది బీడు కాదు, చిత్తడి నేల అని పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ముందు కాగితాలతో వాదించిన సంగతి ఎవరూ చెప్పుకోరు. థర్మల్ ప్లాంటు అనుమతి రద్దయింది అక్కడే.

పెంకుటిళ్లు, అరుగులు పోతున్నాయని రాశావు. నాకూ బెంగే గానీ, వర్షానికి కారే ఇంట్లో ఉండమని ఎవరికి చెబుతాం?

చెరువు కొలతలకి రోజు ఖాయమయ్యాక ఫోన్ చెయ్, నేనూ వస్తాను. పక్కన లేఅవుట్ వేసే అతన్ని కూడా పిలు. పంచనామా మీద అతని సంతకం ఉండాలి, తర్వాత నాకు తెలీదనకుండా.

మీ మామయ్య