మీ ప్రశ్న – మా జవాబు: సనదు పక్కన పెట్టిన లాయరమ్మ

అమెరికా మాజీ ప్రథమ మహిళ మిషెల్ ఒబామా లాయరు లైసెన్సు రద్దయిందని మా వాట్సాప్ గ్రూపులో మళ్లీ మళ్లీ తిరుగుతోంది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

నిజం కాదమ్మా. ఆవిడే కావాలని పక్కన పెట్టుకున్నారు. 1988లో హార్వర్డ్ లా స్కూల్లో పట్టా పుచ్చుకుని షికాగోలో సిడ్లీ అండ్ ఆస్టిన్ అనే పెద్ద సంస్థలో చేరారు. 1989 వేసవిలో అక్కడికి శిక్షణకొచ్చిన బరాక్ ఒబామాకు పని చూపించే బాధ్యత ఆవిడకే అప్పగించారు. 1991లో ఆ సంస్థ వదిలి నగర మేయరు కార్యాలయానికి, 1993లో పబ్లిక్ అలైస్ అనే యువజన సంస్థకు మారారు. కోర్టుతో పని లేనప్పుడు సనదు (లాయరు లైసెన్సు) ఎందుకని నిలిపి ఉంచమన్నారు. అప్పటి నిబంధనల ప్రకారం అందుకు ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టుకే అర్జీ పెట్టుకోవాలి. అందుకే లాయర్ల రిజిస్టరులో ‘కోర్టు ఉత్తర్వు’ అన్న మాట పడింది. ఆ రెండు మాటలు చూసి శిక్ష అనుకున్నారు జనం. క్రమశిక్షణ చర్య ఒక్కటీ ఆవిడ మీద లేదు.

అమెరికా ప్రథమ మహిళకు జీతమెంత? చట్టంలో ఆ పదవి ఉందా?
– లా విద్యార్థి, సబ్బవరం

జీతం లేదు. రాజ్యాంగంలో ఆ మాటే లేదు. 1978లో చేసిన చట్టం ఒక్కటే ఆధారం: అధ్యక్షుడి విధుల్లో సాయపడే జీవిత భాగస్వామికి సిబ్బందిని, సదుపాయాలను ఇవ్వొచ్చు.

మీరు చదవాల్సిన కేసు ఒకటుంది. 1993లో అప్పటి ప్రథమ మహిళ హిల్లరీ క్లింటన్ (ఆవిడా లాయరే, యేల్‌లో చదివారు) ఆరోగ్య సంస్కరణల బృందానికి అధ్యక్షత వహించారు. సభ్యుల్లో ప్రభుత్వోద్యోగి కానివారు ఉంటే సలహా సంఘం సమావేశాలు బహిరంగంగా జరపాలన్నది 1972 నాటి చట్టం. ఆవిడ ఉద్యోగా, కాదా? వైద్యుల సంఘం కోర్టుకెళ్లింది. ఆ చట్టం మేరకు ప్రథమ మహిళను ప్రభుత్వ అధికారిగానే చూడాలని వాషింగ్టన్ అప్పీలు కోర్టు తేల్చింది. అందుకు 1978 చట్టాన్నే ఆసరా చేసుకుంది.

అధికారమే లేనప్పుడు మిషెల్ బడి భోజనాలు ఎలా మార్చగలిగారు?
– ఉపాధ్యాయిని, గాజువాక

మంచి ప్రశ్న. మొదలుపెట్టింది పెరటితోటతో. 2009 మార్చిలో వైట్ హౌస్ పచ్చికలో 1,100 చదరపు అడుగులు తవ్వించారు. మన లెక్కలో 122 గజాలు, మధురవాడలో ఒక చిన్న ఇంటి స్థలమంత. స్థానిక బడిలో అయిదో తరగతి పిల్లల చేత నాట్లు వేయించారు. 2010 ఫిబ్రవరిలో పిల్లల ఊబకాయం మీద ‘లెట్స్ మూవ్’ ప్రచారం మొదలైంది. దానికీ చట్టబలం లేదు. బలం ఉన్నది అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు, వ్యవసాయ శాఖకు. అందుకని బడి భోజనాల బిల్లు కోసం పట్టుబట్టారు. 2010 డిసెంబరు 13న అధ్యక్షుడి సంతకమైంది: పదేళ్లకు 450 కోట్ల డాలర్లు, కొత్త ప్రమాణాలు పాటించిన బడికి భోజనానికి 6 సెంట్లు అదనం.

చిక్కు ఆ 6 సెంట్లలోనే ఉంది. 2012 నుంచి పళ్లెంలో పండో కూరో తప్పనిసరి చేశారు, ముడి (పొట్టు తీయని) ధాన్యం పెంచారు, ఉప్పుకు పరిమితి పెట్టారు. ఖర్చు అంతకన్నా పెరిగిందని బడులు గోల పెట్టాయి. పిల్లలు కూరలు చెత్తబుట్టలో వేశారు. పిజ్జా మీది టమాటా ముద్దను కూరగాయగా లెక్కించే వెసులుబాటు ఎత్తేయబోతే 2011లో కాంగ్రెసే అడ్డుకుంది. 2014 చివర్లో ముడి ధాన్యం నిబంధనకూ సడలింపులిచ్చింది. మిషెల్ బహిరంగంగానే వాదించారు, కానీ ఓటు ఆవిడది కాదు. అయినా చట్టం నిలిచిందంటే మా దృష్టిలో అది చిన్న విజయం కాదు.

నేనూ కంపెనీలో పూర్తికాలం ఉద్యోగంలో చేరుతున్నాను. సనదు ఏం చేయాలి?
– అడ్వకేటు, మహారాణిపేట

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నిబంధన చూడండి. జీతం మీద పూర్తికాలం చేరితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపాలి. చెప్పకుండా వకాలత్ వేస్తే వృత్తిపరమైన దుష్ప్రవర్తన కింద అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ చర్యకు దారి తీస్తుంది. ఉద్యోగం మానేశాక మళ్లీ అర్జీ పెట్టి ప్రాక్టీసు కొనసాగించవచ్చు. లా కాలేజీలో రోజుకు మూడు గంటలు మించకుండా పాఠం చెప్పడం మాత్రం పూర్తికాలపు ఉద్యోగం కిందికి రాదు. దానికి సనదు ఆపక్కర్లేదు.