సంతకం పెట్టే ముందు ఇది చదువు, సుమతీ

చిరంజీవి సుమతికి పెదనాన్న ఆశీస్సులు.

నీ కథల సంపుటి అచ్చుకి వెళ్తోందనీ, పబ్లిషర్ ఒప్పందం కాగితాలు పంపాడనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమైందమ్మా. కానీ వెంటనే సంతకం పెట్టేయకు. రెండు రోజులు ఆగు.

నా మొదటి నవలకి నేను సంతకం చేసింది ఒక అరఠావు మీద. "ఈ నవల సర్వహక్కులూ మీకు ఇచ్చేశాను" అని ఒక్కటే వాక్యం. ఎన్నేళ్లకో లేదు, ఎంత డబ్బో లేదు. కాపీలు అయిపోయాక వాళ్లు మళ్లీ వేయలేదు. ఇంకొకరు వేస్తామని వస్తే, హక్కులు నావి కావు కదా అని వెనక్కి పంపేశాను. అలా పన్నెండేళ్లు. చివరికి ఒక వకీలు ఆ అరఠావు అటూ ఇటూ తిప్పి చూసి, "గడువు రాయలేదు కదండీ, అయిదేళ్లకే మీకు తిరిగొచ్చేసింది" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ చదువు. ఏ రచన, ఏయే హక్కులు, ఎన్నాళ్లు, ఏ ప్రాంతం, రాయల్టీ ఎంత అన్నవి ఒప్పందంలో ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. తీసుకున్న హక్కుని ఏడాదిలోగా వాడకపోతే అది వాళ్ల చేతుల్లోంచి పోతుంది, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప. ఆ "వేరేలా" అన్న వాక్యం ఎక్కడో చివరి పేజీల్లో ఉండొచ్చు. వెతికి పట్టుకో, కొట్టేయమని అడుగు.

హక్కు బదిలీ చేస్తే ఆ మేరకు యజమానులు వాళ్లే. లైసెన్స్ ఇస్తే యజమానివి నువ్వే, వాళ్లది వాడుకునే అనుమతి మాత్రమే. నా మాట విని తెలుగు అచ్చు పుస్తకానికి మాత్రం లైసెన్స్ ఇవ్వు. ఆడియో, అనువాదం, సినిమా, ఈబుక్ ఒక్కొక్కటీ పేరు పెట్టి "రచయిత్రి దగ్గరే ఉంటాయి" అని రాయించు.

ఇక రిజిస్ట్రేషన్. అది తప్పనిసరి కాదు, రాసినప్పుడే హక్కు నీది. అయినా చేయించు. రేపు గొడవ కోర్టుకెక్కితే రిజిస్టర్‌లో ఉన్న నమోదునే ప్రాథమిక సాక్ష్యంగా చూస్తారు. ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసుకి ఆన్‌లైన్‌లోనే ఫారం 14 పెట్టొచ్చు, సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు. ఆ ఫారంతో ఇచ్చే వివరాల పట్టికలో ఏ హక్కు ఎవరిది, ఏ బదిలీలు, ఏ లైసెన్సులు ఉన్నాయి అని అడిగే గడి ఒకటుంది. ఖాళీగా వదలకు. ఒప్పందంలో ఏ మాటలున్నాయో అవే మాటలు, అదే గడువు అక్కడ రాయి. రెండుచోట్లా తేడా ఉంటే అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు. దరఖాస్తు అందినట్టు ఇచ్చే డైరీ నంబర్ వచ్చాక ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని 30 రోజులు ఆగుతారు, టెన్షన్ పడకు. తర్వాత ఎప్పుడైనా ఆ వివరాలు మారితే ఫారం 15 పెట్టాలి.

కాగితాలన్నీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపు. సంతకం పేజీ ఒక్కటే కాదు, మొత్తం. పబ్లిషర్ తొందరపెడితే పెదనాన్న చదువుతున్నాడని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న