రంగులు తర్వాత, ముందు స్లాబు తట్టి చూడు

చిరంజీవి పద్మకి,

మావయ్య ఆశీస్సులు.

పాత హాస్టల్ మరమ్మతుకీ, కొత్త బ్లాకుకీ కలిపి నిన్ను కన్వీనర్‌ని చేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే, బీచ్ రోడ్డులో నాతో వాకింగ్‌కి వచ్చేవాళ్లందరికీ చెప్పేశాను. సివిల్ పాఠాలు చెప్పుకునే మన పిల్లకి అంత పని అప్పగించారంటే మాటలా! ఆ సంబరం సాయంత్రం దాకానే. రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితాలూ ఫోటోలూ చూశాక నిద్ర పట్టలేదు. "రిటైరయ్యాక కూడా ఎస్టిమేట్లేనా" అని మీ అత్తయ్య లైటు ఆర్పేసింది. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా" అంటూ సగం వింటావు కాబట్టి రాస్తున్నాను.

తెలిసినవి చెప్పి విసిగించను. మట్టి పరీక్ష లేకుండా పునాది గీయించకు. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి వచ్చాకే టెండర్. జీవీఎంసీ (మన విశాఖ నగరపాలక సంస్థ) ప్లాను, అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ, 2016 చట్టం ప్రకారం దివ్యాంగులకు ర్యాంపు, లిఫ్టు. ఇవన్నీ మీ ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఎవరిని అడిగినా చెబుతారు.

హాస్టల్ ఎస్టిమేట్ మొదటి పేజీ చూడగానే మాత్రం ఒళ్లు మండింది. రంగులు, విట్రిఫైడ్ టైల్సు, పై అంతస్తు గదులకి ఫాల్స్ సీలింగు, గేటు దగ్గర ఆర్చి. డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ ఎక్కడుందా అని వెతికితే చివరి పేజీలో "రెండో దశ" కింద కనబడింది. ఇది నువ్వు రాసింది కాదని తెలుసు. వచ్చే సొమ్మెంతో ముందే తెలిసి, దానికి సరిపడా పనులు వెతికి రాసిన కాగితం అది. నలభై గజాల దూరం నుంచి చూసినా పట్టేస్తాను, ఎందుకంటే నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అచ్చం ఇలాంటిదే ఒకటి చూశాను.

ఊరి పేరు, సంస్థ పేరు వద్దులే. సముద్రం పక్కనే ఉన్న ఓ కాలేజీ హాస్టల్ అనుకో. ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది: నిధులు విడుదలయ్యాయి, మార్చి 31లోగా ఖర్చు చెయ్యకపోతే మురిగిపోతాయి. చేతిలో ఎస్టిమేట్ లేదు. పెద్దలంతా కూర్చుని, ఆ మొత్తాన్ని కాగితం అడుగున రాసి, పైకి లెక్క కట్టుకుంటూ వెళ్లారు. గుమ్మం ముందు గ్రానైటు, గోడలకి రంగు, పైకప్పుకి ఫాల్స్ సీలింగు. పైకప్పు కారుతోందని వార్డెన్ రాసిన ఉత్తరాలు ఫైల్లోనే ఉన్నాయి. వాటి గురించి అడిగితే "అది నెక్స్ట్ ఫేజ్" అన్నారు.

పని మొదలైంది. సీలింగు ఫ్రేము వేలాడదీయడానికి స్లాబుకి డ్రిల్లు పెడుతున్నారు. ఓ గదిలో బిట్టు దిగిందో లేదో, పళ్లెమంత పెచ్చు ఊడి కింద పడింది. లోపల చువ్వ బయటపడింది. సింహాచలం అనే ముసలి మేస్త్రి నిచ్చెన మీద నుంచి ఆ చువ్వని బొటనవేలితో గీరాడు. ఎర్రటి పొరలు రాలిపడ్డాయి. ఎనిమిది మిల్లీమీటర్ల చువ్వలో సగం కూడా మిగల్లేదు. అతను సుత్తి తిప్పి, కర్ర చివరతో స్లాబు మీద వరసగా తట్టుకుంటూ వెళ్లాడు. కొన్ని చోట్ల 'టంగ్' మని గట్టిగా పలికింది, కొన్ని చోట్ల 'డబ్' మని డొల్లగా పలికింది. "బాబూ, ఇది సీలింగు మొయ్యదు, తన్ని తనే మొయ్యలేకపోతోంది" అన్నాడు. పైనుంచి వచ్చిన సమాధానం ఒక్కటే: "బెజ్జం ఆరంగుళాలు పక్కకి జరుపు."

జరిపారు. మార్చి ఆఖరుకి బిల్లు పాసయింది. రిబ్బన్ కత్తిరించారు, శిలాఫలకం పెట్టారు. ఫోటోల్లో ఎంత బాగుందో! పైన పటారం, లోన లొటారం. మొదటి వానాకాలం సీలింగు బోర్డుల మీద మరకలు వస్తే బోర్డులు మార్చారు. రెండో ఏడు దసరా సెలవుల్లో వాయుగుండం పట్టి రాత్రంతా కురిసింది. తెల్లారి వాచ్‌మన్ తలుపు తీసి చూస్తే బోర్డు, ఫ్రేము, దాని మీద నాలుగడుగుల పెచ్చు, అన్నీ కలిసి ఓ మంచం మీద ఉన్నాయి. మంచం కోళ్లు వంకర తిరిగిపోయాయి. ఆ కుర్రాడు పండక్కి ఊరెళ్లాడు కాబట్టి బతికిపోయాడు. తలగడ దగ్గర అతని లెక్కల నోటుపుస్తకం ఉంది.

తర్వాత ఏం జరిగిందో కూడా విను, ఎందుకంటే నీ సంతకానికి సంబంధించింది అదే. పనులు సంతృప్తికరంగా పూర్తయ్యాయని యూసీ, అంటే నిధుల వినియోగ ధ్రువపత్రం, అప్పటికే పంపేశారు. ఆడిట్‌లో ఒక్క ప్రశ్న అడిగారు: పైకప్పు కారుతోందని ఫైల్లో ఉండగా సీలింగు ఎవరు బిగించమన్నారు? సమావేశంలో అందరూ తలలూపినవాళ్లే, కాగితం మీద మాత్రం ఇద్దరి సంతకాలే ఉన్నాయి. రిటైర్మెంట్ దగ్గర్లో ఉన్న ఓ పెద్దాయన పెన్షన్ కాగితాలు పట్టుకుని ఎన్నేళ్లు తిరిగాడో. చివరికి బిగించిన సీలింగంతా ఊడదీసి, స్లాబంతా మరమ్మతు చేశారు. ఆ నెక్స్ట్ ఫేజ్ డబ్బులు ఎన్నడూ రాలేదు.

అందుకే చెబుతున్నాను, టెండర్ మాట అటుంచి ముందు నువ్వే సుత్తి పట్టుకుని పై అంతస్తు ప్రతి గదీ తట్టించు. పక్కన ఒకరిని చాక్‌పీసుతో నిలబెట్టి, డొల్లగా పలికిన చోటల్లా గీత గీయించి, తేదీ కనబడేలా ఫోటో తియ్యి. హెల్మెట్ పెట్టుకో, మంచాలు పక్కకి లాగించు. డొల్ల ఎంత మేర ఉందో తేలాక కాంక్రీటు గట్టితనం చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించు, అవసరమైన చోట కోర్లు (గుండ్రటి కాంక్రీటు ముక్కలు) తీయించు. అప్పుడే కొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు వస్తుందని క్లాసులో నువ్వే చెబుతావు కదా, రంగు రాని మేర కాంక్రీటులో క్షారగుణం పోయినట్టే. అయితే మన ఊళ్లో దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకు. ఉప్పుగాలితో వచ్చే క్లోరైడు, కాంక్రీటు గులాబీ రంగులో ఉండగానే చువ్వని తినేస్తుంది. పొడి తీయించి ల్యాబ్‌కి పంపి క్లోరైడు ఎంతుందో చూడాల్సిందే. తుప్పు పట్టిన ఇనుము రెండు మూడు రెట్లు ఉబ్బుతుంది, ఆ ఉబ్బే పెచ్చుని తోసేస్తుంది. ఊడిన చోట సిమెంటు మెత్తి రంగు కొడతామని ఎవరన్నా అంటే ఒప్పుకోకు. కింద ఆసరాగా ప్రాపులు పెట్టి, చువ్వ వెనకాల వేలు దూరేంత వరకు కాంక్రీటు కొట్టి, తుప్పు గీకి, సన్నబడిన చోట కొత్త చువ్వ కలిపి, తుప్పు ఆపే పూత పూసి, అప్పుడు మైక్రో కాంక్రీటు పోయాలి. ఖర్చే, కాదనను. ఎస్టిమేట్‌లోంచి ఆర్చి కొట్టేసి ఆ డబ్బు ఇటు మళ్లించు.

నువ్వు పంపిన ఫోటోల్లో ఒకటి, మూడో అంతస్తు తూర్పు వైపు గది. దోమతెర పైన స్లాబు మీద గోధుమరంగు చార తిన్నగా ఉంది చూశావా? వాన మరక అయితే చెల్లాచెదురుగా పరుచుకుంటుంది. తిన్నగా ఉందంటే చువ్వ పొడవునా తుప్పు దిగుతోందన్నమాట. నాకు నిద్ర పట్టనిది దాని గురించే.

ఇక డబ్బు సంగతి. మా రోజుల్లో యూజీసీ పంచవర్ష ప్రణాళిక గ్రాంట్లు ఉండేవి, 12వ ప్రణాళికతో 2017లో ఆ ముచ్చట ముగిసింది. 2013లో ఉన్నత విద్యకి కేంద్ర పథకం రూసా వచ్చింది, 2023 నుంచి దాన్నే పీఎం ఉషా అంటున్నారు. మనలాంటి రాష్ట్రాలకి కేంద్రం 60, రాష్ట్రం 40. కాగితం మీద నూరు కనబడుతుంది, చేతికి విడతలుగా వస్తుంది. మొదటి విడత పడగానే నాలుగంతస్తులకీ పిల్లర్లు లేపకు. ఎక్కడ ఆగినా అక్కడిదాకా వాడుకునేలా దశలు విడదీయి. మొదటి విడతతో కింది అంతస్తు పూర్తి కావాలి, కరెంటు, నీళ్లు, మరుగుదొడ్లతో సహా. డబ్బాగి పిల్లర్ల మీద చువ్వలు ఆకాశంలోకి చూస్తూ ఉంటే ఈ ఉప్పుగాలికి రెండేళ్లలో పనికిరాకుండా పోతాయి. ఆగాల్సే వస్తే వాటికి సిమెంటు పాలు పట్టించి కప్పించు.

కొత్త బ్లాకు లెక్కలో జీఎస్టీ 18 శాతం వేశారు, కార్మికుల సెస్సు ఒక శాతం వేశారు, సంతోషం. ట్రాన్స్‌ఫార్మర్ ఏదమ్మా? ల్యాబులకి హెచ్‌టీ (హై టెన్షన్ కరెంటు) లోడు, బల్లలు, మురుగునీటి శుద్ధి? భవనం లేచాక ఇవి గుర్తొస్తే తాళం వేసి కూర్చోవడమే.

పూర్వ విద్యార్థుల దగ్గరికి వెళ్తానన్నావు. వెళ్లు. కాకపోతే గోడ మీద పేరు కోసం ఇచ్చేవాళ్లే ఎక్కువ, సెప్టిక్ ట్యాంకు మీద ఎవరి పేరు రాస్తాం? ఆంధ్రా యూనివర్సిటీ సంగతే చూడు. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరుకి వచ్చింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకోలేదు, ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశాడు. సైన్సు కాలేజీకి ఆయన పేరు పెట్టుకున్నారంటే ఊరికే కాదు. నువ్వూ అలాగే అడుగు. బ్లాకుకి పేరు పెడతాం, ఇచ్చిన దాంట్లో కొంత డిపాజిట్‌లో ఉంటుంది, దాని వడ్డీ డాబా మరమ్మతుకే పోతుంది అని ఒప్పందంలోనే రాయించు. ఇబ్బంది పడేవాళ్లు పడతారు, అడగడానికి మొహమాటపడకు. చిన్నప్పుడు ఐస్‌క్రీమ్ కోసం నా జేబులు ఎలా తడిమేదానివో నాకు తెలుసు.

ఆ త్రీడీ బొమ్మలో ముందంతా అద్దాలే ఉన్నాయి. 2014 అక్టోబర్ 12 మర్చిపోయావా? హుద్‌హుద్ నాడు మీరంతా మా ఇంట్లో మధ్య గదిలో పరుపులు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, నువ్వు మీ అమ్మ కొంగు వదల్లేదు. మర్నాడు రోడ్ల మీద ఎక్కడ చూసినా అద్దాల ముక్కలూ, అల్యూమినియం ప్యానెళ్లూ. కోడ్ ప్రకారం మన ఊరికి డిజైన్‌లో తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ ఆర్కిటెక్టుని ఆ లెక్క చూపించమను. చూపిస్తే సరే, లేకపోతే అద్దాలు తగ్గించి కిటికీలకి సన్‌షేడ్లు పెట్టమను, ఏసీ బిల్లూ తగ్గుతుంది.

కాంక్రీటు విషయంలో మెతకగా ఉండకు. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం సముద్ర తీరం తీవ్ర పరిస్థితి కింద వస్తుంది. గ్రేడు ఎం30కి తగ్గకూడదు, చువ్వ మీద కాంక్రీటు కవర్ 45 మిల్లీమీటర్లు. సైట్లో మాత్రం అలవాటుగా 20, 25 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులే పెట్టేస్తారు, అవీ అయిపోతే కంకర ముక్క. స్లాబు పోసే ముందు రోజు సాయంత్రం స్కేలు పట్టుకుని నువ్వే కొలువు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయో లేదో నాలుక మీద వేసుకుని తేల్చేస్తారు, అలా కుదరదు, పరీక్ష రిపోర్టు అడుగు. లీటరుకి 500 మిల్లీగ్రాముల క్లోరైడు దాటితే ఆర్‌సీసీకి (చువ్వలున్న కాంక్రీటుకి) వాడకూడదు. నీళ్లు కొట్టకుండా ఆదివారం సెలవు తీసుకునే కాంట్రాక్టరుని ఓ కంట కనిపెట్టు. నీ సైటుకి ఇసక గుట్టెక్కి ఆడుకునే పిల్లలు వస్తారు, వాళ్లని దూరంగా ఉంచు. నువ్వు పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నది నా సైటులోనే, ఇప్పటికీ మీ అమ్మ దెప్పుతూనే ఉంటుంది.

డాబా పని మేలోనే అయిపోవాలి, పిల్లలు సెలవులకి వెళ్లగానే మొదలుపెట్టేలా ఏప్రిల్‌కే అగ్రిమెంట్ చేతిలో ఉంచుకో. అక్టోబరులో డాబా తవ్వుతామనేవాడికి మన ఊరి వానలు తెలియవన్నమాట.

మార్చి వస్తోంది, నిధులు మురిగిపోతాయని నిన్ను తొందర పెడతారు. గడువు పొడిగించమని ఇప్పుడే ఉత్తరం రాసి, దానికి పరీక్షల రిపోర్టు జతచేసి, ఆ నకలు నీ దగ్గర పెట్టుకో. నువ్వు ఒప్పుకోని దాని మీద సంతకం పెట్టాల్సి వస్తే, ఎందుకు ఒప్పుకోలేదో అదే ఫైల్లో రెండు వాక్యాలు రాయి. కోపగించుకుంటారు, కన్వీనర్ పదవి పోతే పోతుంది. పాఠాలు చెప్పుకుందువుగాని.

సోమవారం మీటింగ్ అన్నావు. ఎస్టిమేట్ సంగతి సోమవారం తేల్చుకోవచ్చు. ఆ తూర్పు వైపు గది మాత్రం సోమవారం దాకా ఆపకు. ఉత్తరం చదివిన వెంటనే వార్డెన్ గారికి ఫోన్ చేసి, ఆ పిల్లల్ని ఇవాళే కింది అంతస్తుకి మార్పించు. గదికి తాళం వేయించి నాకు చెప్పు.

మీ మావయ్య
పెదవాల్తేరు