చేపలకు కొట్టని కరెంటు మీకెందుకు కొట్టింది?

ప్రశ్న: సార్, మాది కడప. హాల్లో రెండున్నర అడుగుల అక్వేరియం పెట్టి ఏడాదిన్నర అయింది. పోయిన ఆదివారం నీళ్లు మారుస్తూ కుడి చెయ్యి ట్యాంకులో ఉండగా ఎడమ చేత్తో కిటికీ ఊచ పట్టుకున్నాను, భుజం దాకా జివ్వుమంది. మా ఆయన నీళ్లలో టెస్టర్ పెడితే వెలిగింది. అయినా ‘చేపలు నిక్షేపంగా ఈదుతున్నాయి గదా, నీకే ఏదో అనిపించింటుంది’ అంటున్నారు. ఫిల్టరు, హీటరు, లైటు, గాలి మోటరు అన్నీ ట్యాంకు కింద అలమరలో ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకే పెట్టాం. తడవకుండా దానికి పాలిథిన్ కవరు చుట్టి టేపు వేశాం. ఇప్పుడేం చేయాలి?
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: అమ్మా, చదవడం ఆపి ముందు ఆ బాక్సు ప్లగ్గు గోడ నుంచి పీకేసి రండి. చేతులు తడి లేకుండా తుడుచుకుని, కాళ్లకు చెప్పులు వేసుకుని పీకండి. ఒట్టి స్విచ్చు ఆపితే చాలదు. ఫేజుకు, అంటే కరెంటు వచ్చే తీగకు పెట్టాల్సిన స్విచ్చును న్యూట్రల్‌కు, అంటే అది తిరిగిపోయే తీగకు పెట్టేసిన ఇళ్లు మన దగ్గర బోలెడు, అలాంటి చోట స్విచ్చు ఆపినా లోపల కరెంటు అలాగే ఉంటుంది. ప్లగ్గు దగ్గర తడి కనిపిస్తే దాన్నీ ముట్టుకోకుండా మెయిన్ ఆపండి. చేపలు మరీ కిక్కిరిసి లేకపోతే గంటసేపు గాలి లేకపోయినా తట్టుకుంటాయి.

ఇక మీ ఆయన చెప్పినదానికి వద్దాం. కరెంటు తీగ మీద కాకి కూర్చుంటుంది, దానికేం కాదు, ఎందుకంటే అది ఒక్క తీగనే పట్టుకుంది, కరెంటు దాని ఒంట్లోంచి ఇంకో చోటికి పోవడానికి దారి లేదు. మీ చేపలూ అంతే. చుట్టూ గాజు, లోపలి నీళ్లన్నీ దాదాపు ఒకే ఓల్టేజీలో ఉన్నాయి. మీరు మాత్రం ఒక చెయ్యి నీళ్లలో, ఇంకో చెయ్యి గోడలో పాతిన ఇనుప ఊచ మీద పెట్టి దారి మీరే వేశారు, అదీ సరిగ్గా గుండె మీదుగా. తడిసిన బండల మీద ఒట్టి కాళ్లతో నిలబడినా ఇదే జరుగుతుంది. చేపలు బతికున్నాయి కాబట్టి నీళ్లలో కరెంటు లేదనుకోవడం చాలా ఇళ్లలో వినే మాటే, అందుకే ఇంత చెప్పాల్సి వచ్చింది. టెస్టర్‌ను కూడా పూర్తిగా నమ్మలేం, పక్క తీగల ప్రభావానికే ఒక్కోసారి సన్నగా వెలుగుతుంది. కానీ మీకు షాకే కొట్టింది, ఇంక టెస్టర్‌తో పనేముంది?

నా అనుమానం హీటరు మీద. డిసెంబరు, జనవరి రాత్రులు దాటాక కడపలో హీటరు ఎందుకమ్మా? మేలో నీళ్లు వాటంతట అవే కాగుతాయి. ఏడాదంతా ట్యాంకులోనే ఉంచితే, ఎండలకు నీళ్లు ఆవిరై మట్టం దిగుతుంది, హీటరు సగం బయటికి తేలుతుంది, అది వేడెక్కి ఉన్నప్పుడు చల్లటి నీళ్లు పోస్తే గాజు చిట్లుతుంది. ఆ పగులు కంటికి కనిపించకపోవచ్చు. అందుకే నీళ్లు మార్చే ముందు దాని ప్లగ్గు తీసి, కనీసం పావుగంట చల్లారనివ్వాలి. గాజు చిట్లినా, లోపల నీటి బొట్టు కనిపించినా పారేయండి. ఫెవిక్విక్‌తో అతికించినవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయొద్దు. ఫిల్టరు మోటరు తీగ ఎక్కడైనా నలిగిందా, పగిలిందా కూడా చూడండి. తప్పు దేనిదో తేలకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒక్కొక్కటీ మెగ్గర్‌తో (కరెంటు ఎక్కడైనా బయటికి కారుతోందా అని చూసే పరికరం) చూపించండి, అంతవరకూ దేన్నీ మళ్లీ పెట్టకండి.

మీ ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉన్న చోటు మరీ ఘోరం. ట్యాంకులోంచి దిగే ప్రతి తీగా నీటి బొట్టుకు దారే. తీగ పైనుంచి నేరుగా సాకెట్లోకి దిగితే బొట్టు కూడా నేరుగా సాకెట్లోకే దిగుతుంది. అదే తీగను సాకెట్ కంటే కిందికి ఉయ్యాలలా వేలాడదీసి, మళ్లీ పైకి తెచ్చి ప్లగ్గు పెడితే, నీళ్లు ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి. పైసా ఖర్చు లేదు. మన బోరు నీళ్ల ఉప్పు సంగతి మీకు చెప్పక్కర్లేదు, తీగల మీద తెల్లగా పొరలా పేరుకుని తేమను పీల్చి పట్టుకుంటుంది. నెలకోసారి అన్ని ప్లగ్గులూ తీసేసి తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాక మళ్లీ పెట్టండి. బాక్సును అలమరలోంచి తీసి, ట్యాంకుకు పక్కగా గోడకు బిగించండి. ఆ పాలిథిన్ కవరు విప్పేయండి, అది బయటి నీళ్లను ఆపే సంగతేమో గానీ లోపల పట్టిన చెమ్మను మాత్రం బయటికి పోనివ్వదు.

గాలి మోటరు నీటిమట్టం కంటే కింద ఉంటే, కరెంటు పోగానే ట్యాంకులో నీళ్లు గాలి ట్యూబులోకి వెనక్కి ఎక్కి మోటర్లోకి దిగుతాయి. మోటరును పైన పెట్టండి, లేదా ట్యూబుకు నీళ్లు వెనక్కి రానివ్వని వాల్వు ఒకటి తగిలించండి. అక్వేరియం షాపుల్లో చవగ్గానే దొరుకుతుంది.

ఇన్ని చేసినా ఏదో ఒకరోజు తీగ తెగుతుంది, అప్పుడు కాపాడేది మెయిన్ బోర్డులో పెట్టే ఆర్‌సీసీబీ అనే స్విచ్చు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చింది సమానంగా ఉన్నాయా అని చూస్తూ, 30 మిల్లీఆంపియర్ల తేడా రాగానే రెప్పపాటులో లైను ఆపేస్తుంది. ఎంసీబీ ఉంది కదా అనుకోకండి, అది తీగ కాలిపోకుండా చూసేది, మనిషి ప్రాణం పోవడానికి సరిపోయే కరెంటు దానికి లెక్కే కాదు. స్పైక్ గార్డూ అంతే. ఆర్‌సీసీబీ కొనేటప్పుడు 30 మిల్లీఆంపియర్లదే అడగండి, నెలకోసారి దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి పడిపోతుందో లేదో చూడండి. ఇన్వర్టర్ లైను దీని బయటినుంచి పోతుంటే కరెంటు పోయినప్పుడు మీకు రక్షణ ఉండదు, అది కూడా ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఎర్తింగ్ సంగతి వేరే. మన వైపు ఎండాకాలం మట్టి ఎండిపోయి ఎర్త్ గుంత పేరుకే ఉంటుంది, మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నా ఉపయోగం లేదు. మార్చి నుంచి వారానికో బిందెడు నీళ్లు అందులో పోయించండి.

ప్రశ్న: అక్వేరియం లైటు అడాప్టర్ నీళ్లలో పడింది. రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టాను, ఇప్పుడు వెలుగుతోంది. వాడొచ్చా?
- ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: వద్దు తమ్ముడూ. నీళ్లు ఆరినా వాటిలోని ఉప్పు లోపలి బోర్డు మీదే ఉంటుంది, కాస్త చెమ్మ తగిలితే అదే కరెంటుకు దారి. లైటుకు వచ్చేది 12 ఓల్టులే కావచ్చు, అడాప్టర్‌లోకి వెళ్లేది మాత్రం 230. కొత్తది కొను. ఈసారి ఏదైనా నీళ్లలో పడితే చెయ్యి పెట్టి తీయొద్దు, ముందు గోడ దగ్గర ప్లగ్గు పీకాలి. నువ్వు మొన్న ఎలా తీశావో మాత్రం రాయలేదు.